టేస్టింగ్ రూమ్‌లో మొదటి ప్రశ్న: ఈ సీసా ఎప్పుడు తెరిచారు?

వైన్ తయారుచేసే వైనరీలో, వచ్చినవారికి వైన్ రుచి చూపించే గదే టేస్టింగ్ రూమ్. దాని పనితనం మొదటి ఐదు నిమిషాల్లోనే బయటపడుతుంది. పోసేముందు సిబ్బంది సీసా వాసన తామే చూసుకున్నారా? ఎప్పుడు తెరిచారని అడిగితే తడుముకోకుండా చెప్పారా? మా మార్కుల్లో సగం ఈ రెంటికే. తోట ఎంత పచ్చగా ఉన్నా, కౌంటరు ఎంత తళతళలాడినా, నిన్న పొద్దున తెరిచిన సీసాలోంచి పోస్తే ఆ వైనరీ ఏడాది కష్టాన్ని తన చేతులతోనే పాడుచేసి చూపిస్తున్నట్టు.

సీసా తెరిచాక మొదటి గంట గాలి తగలడం కొన్ని ముదురు రెడ్ వైన్లకు మేలే. ఆ తర్వాత పళ్ల వాసన సన్నగిల్లుతుంది. మర్నాటికల్లా తేలికపాటి వైట్ వైన్‌లో కోసి వదిలేసిన యాపిల్ ముక్క వాసన తొంగిచూస్తుంది. ఆల్కహాల్ కొంత ఆక్సీకరణం చెంది అసిటాల్డిహైడ్‌గా మారిన ఫలితం అది. సీసా ఖాళీ అయ్యేకొద్దీ లోపల గాలి పెరుగుతుంది, పాడయ్యే వేగమూ పెరుగుతుంది. 750 మిల్లీలీటర్ల సీసాను 50 చొప్పున పోస్తే 15 మందికి సరిపోతుంది. రద్దీ లేని రోజు అంతమంది రాకపోతే మిగిలినది మర్నాటికి మిగులుతుంది. రద్దీ తప్పించుకోవడానికి వారం మధ్యలో వెళ్లేవాళ్లు అందుకే ఈ ప్రశ్న తప్పనిసరిగా అడగాలి. ఖరీదైన సీసాలకు కొన్నిచోట్ల కొరావిన్ వాడతారు: బిరడా తీయకుండా సన్నని బోలు సూదిని దింపి, లోపలికి ఆర్గాన్ వాయువు పంపి వైన్ తీసే పరికరం. అది కనబడితే ఆ చోటికి ఓ మెట్టు ఎక్కువ ఇవ్వొచ్చు.

అప్పుడే తెరిచిన సీసాకూ పరీక్ష తప్పదు. బిరడాలో టీసీఏ అనే పదార్థం చేరితే వైన్‌కు తడిసిన అట్టపెట్టె వాసన పడుతుంది. లీటరుకు కొన్ని నానోగ్రాములే చాలు. అంతకన్నా తక్కువున్నప్పుడు ఇంకా మోసం. చెడు వాసన తెలియదు, పళ్ల వాసన మాత్రం అణగిపోతుంది. వైన్‌లో పస లేదనుకుని వదిలేస్తాం, తప్పు ఆ ఒక్క సీసాదని తట్టదు. అనుమానం వస్తే మరో సీసాలోంచి పోయమని అడగండి. మంచి సిబ్బంది నొచ్చుకోరు, వెంటనే తామూ వాసన చూస్తారు. అగ్గిపుల్ల గీసిన వాసన, తేలికపాటి కుళ్లిన గుడ్డు వాసన గంధక సమ్మేళనాలవి. గ్లాసును ఓ నిమిషం తిప్పితే చాలాసార్లు వదిలిపోతాయి. వెనిగర్ వాసన, గోళ్ల రంగు తుడిచే ద్రావకం వాసన ఎంత తిప్పినా పోవు.

గ్లాసు విషయంలో చాలాచోట్ల అశ్రద్ధ కనిపిస్తుంది. రుచి చూడటానికి వాడే గ్లాసుకు ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) పెట్టిన ప్రమాణం 1977 నాటిది: సుమారు 215 మిల్లీలీటర్లు పట్టే, మూతి ముడుచుకున్న గ్లాసు, అందులో 50 మిల్లీలీటర్ల వైన్. పైన మిగిలే ఖాళీలోనే వాసన పోగవుతుంది. అంచుదాకా నింపడం మర్యాద అనుకుంటారు గానీ తిప్పడానికి చోటుండదు. ఖాళీ గ్లాసును ముందు వాసన చూడండి. సబ్బు వాసనో, చెక్క అలమారా వాసనో ఉంటే మార్పించండి. చల్లదనం ఇంకో సంగతి. రెడ్ వైన్‌కు 15 నుంచి 18 డిగ్రీల సెల్సియస్, తేలికపాటి వైట్‌కు 8 నుంచి 12 బాగుంటుంది. రెడ్ అంతకన్నా వెచ్చగా ఉంటే ముక్కుకు స్పిరిట్ ఘాటే ముందు తగులుతుంది. వైట్ గడ్డకట్టేంత చల్లగా ఉంటే వాసన లేవదు, లోపాలూ దాక్కుంటాయి. అరచేతుల మధ్య గ్లాసును కాసేపు పట్టుకుంటే అసలు రూపం బయటపడుతుంది.

వరుస కూడా ముఖ్యమే: ముందు బుడగల వైన్, తర్వాత తేలిక వైట్, ఓక్ చెక్క పీపాలో ఉంచిన వైట్, తేలిక రెడ్, ముదురు రెడ్, చివర తీపి వైన్. తీపిది ముందు తాగితే ఆ తర్వాతవన్నీ పుల్లగా, పలచగా అనిపిస్తాయి. నోట్లో చిన్న గుక్క పెట్టుకుని, పెదాల మధ్య నుంచి కాస్త గాలి లోపలికి పీల్చి, నోరంతా తిప్పి ఉమ్మేయాలి. నాలుక పక్కల్లో నీరూరితే ఆమ్లం, చిగుళ్లు బిగిసి వగరు తగిలితే టానిన్ అనే పదార్థం, గొంతు వెచ్చబడితే ఆల్కహాల్. ఉమ్మేశాక రుచి ఎంతసేపు నిలిచిందో చూడటం మరవొద్దు.

ఉమ్మడానికి మొహమాటపడేవాళ్లు ఈ లెక్క చూడాలి. 13.5 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్లు ఆరు రకాలు, ఒక్కోటి 50 మిల్లీలీటర్లు మింగితే ఒంట్లోకి దాదాపు 32 గ్రాముల ఆల్కహాల్ చేరుతుంది. బండి నడపడానికి అది తగదు, నాలుగో గ్లాసు నుంచి తేడాలు పట్టే శక్తీ మందగిస్తుంది. అడగకుండానే చేతికందేలా ఉమ్ముపాత్ర పెట్టిన టేస్టింగ్ రూమ్‌ను నమ్మొచ్చు. ఉమ్మేసినా కొంత లోపలికి పోతుంది కాబట్టి నడిపేవారు వేరే ఉండటమే మేలు.

రుచుల పేర్లు అచ్చేసిన కాగితం ఇస్తే బోర్లా పెట్టి, మీకు తోచింది రాసుకున్నాక తిప్పి చూడండి. 2001లో వెలువడిన, ఫ్రాన్స్‌లోని బోర్డోలో జరిగిన ఒక పరిశోధనలో వైట్ వైన్‌కు వాసన లేని ఎరుపు రంగు కలిపి ఇస్తే, వైన్ శాస్త్రం చదివే 54 మంది దాన్ని రెడ్ వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. కన్నే ముక్కును అంత ఏమారుస్తుంటే, చెవిలో పడే వర్ణనలు వదిలిపెడతాయా? పోస్తూనే వర్ణన మొదలుపెట్టేవారికంటే, మీరు చెప్పేదాకా ఆగి విన్నవారే మాకు నచ్చుతారు.

పళ్లెంలో చీజ్ ఉంటే చివరిదాకా ముట్టుకోకండి. దాని కొవ్వు, ఉప్పు టానిన్ వగరును కప్పేసి సాదా వైన్‌నూ గొప్పగా చూపిస్తాయి. మధ్యమధ్య నీళ్లు, చప్పటి బ్రెడ్ చాలు. కొనాలనుకున్న వైన్‌ను నోరు కడుక్కుని మరోసారి, చీజ్ లేకుండా అడిగి చూడండి. కొన్నాక సీసాలను ఎండలో నిలిపిన కారులో వదలొద్దు. వేడికి వైన్ వ్యాకోచించి బిరడాను పైకి నెడుతుంది, ఆ సందులోంచి గాలి చేరుతుంది.