పులికాటా, కొల్లేరా, కోరంగియా? ముందు నీళ్ల సంగతి చూడండి

చలికాలం వచ్చిందంటే తెలిసినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. "పిల్లలకు పక్షుల్ని చూపించాలి. పులికాట్ వెళ్లమంటారా, కొల్లేరా, లేక కాకినాడ దగ్గర కోరంగి బాగుంటుందా?" చాలామంది దూరం, బస, ఖర్చు లెక్కలు వేసుకుని మరీ అడుగుతారు. అవీ చూసుకోవాల్సినవే. కానీ నన్నడిగితే అసలు సంగతి నీళ్ల దగ్గర తేలుతుంది. మీరు వెళ్లిన రోజున అక్కడ నీళ్లు ఎంత లోతున్నాయన్నదే ముఖ్యం. ఖరీదైన బైనాక్యులర్స్ ఉన్నా, అన్నీ తెలిసిన గైడ్ వెంట ఉన్నా, నీళ్లు అనుకూలించకపోతే చేసేదేమీ లేదు.

ముందు పులికాట్ సంగతి. చిలికా తర్వాత దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం మన వైపు, ఇప్పటి తిరుపతి జిల్లాలో ఉంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సుకు అడ్డంగా పోతుంది, రెండు పక్కలా నీళ్లే. ఫ్లెమింగోలను చూసేది ప్రధానంగా ఈ రోడ్డు మీద నిలబడే.

ఫ్లెమింగో మేత మేసే తీరు ఒక్క ఐదు నిమిషాలు నిలబడి గమనించండి. మెడ వంచి తలను తలకిందులుగా నీళ్లలో పెడుతుంది. కాళ్లతో ఉన్నచోటే తొక్కుతూ అడుగునున్న బురదను రేపుతుంది. నాలుకను ముందుకూ వెనక్కీ ఆడిస్తూ నీళ్లు లోపలికి లాగి, ముక్కు అంచుల్లో ఉండే జల్లెడ లాంటి అమరిక గుండా బయటికి తోసేస్తుంది. నాచు, పురుగులు, సన్నరొయ్యల్లాంటి జీవులు లోపల చిక్కుతాయి. ఇదంతా సాఫీగా సాగాలంటే కాళ్లు నేలకు ఆనాలి, ముక్కు అడుగుకు అందాలి. మన మోకాలి లోతు నీళ్లయితే దానికి హాయి. ఇంకా చిన్నవైన ఉల్లంకి జాతి పిట్టలకు అంత కూడా అక్కర్లేదు, తడి బురద చాలు.

ఇప్పుడు క్యాలెండర్ చూడండి. ఆ ప్రాంతానికి వానలు ఈశాన్య రుతుపవనాలవి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గట్టిగా కురిస్తే, సంక్రాంతి నాటికి కూడా సరస్సు నిండుగా ఉంటుంది. చూడ్డానికి కనువిందే గానీ, ఫ్లెమింగోలు మాత్రం మెరక ఎక్కడుంటే అక్కడికి సర్దుకుంటాయి. అలాంటి ఏడాది జనవరిలో ఫ్లెమింగో ఫెస్టివల్‌కు వెళ్లినవాళ్లు, దూరాన గులాబీ గీత ఒకటి కనబడిందంతే అని ఉసూరుమంటారు. అదే ఫిబ్రవరికి నీళ్లు తీసే కొద్దీ మందలు రోడ్డుకు దగ్గరవుతాయి. ఎండలు ముదిరితే మళ్లీ ఇంకో చిక్కు, ఉత్తరం వైపు సరస్సు ఎండి నేల బయటపడుతుంది. సరస్సును సముద్రంతో కలిపే రాయదొరువు లాంటి ముఖద్వారాలు పూడిపోవడంతో సముద్రపు నీళ్లు రావడం తగ్గింది. పూడిక తీయమని మత్స్యకారులు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. ఆ పని జరిగితే వాళ్ల వలలకే కాదు, ఈ పక్షులకూ మేలే.

పులికాట్ ఒక్కటే చూసి తిరిగొచ్చేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ. అరగంట దూరంలో, దొరవారిసత్రం మండలంలో నేలపట్టు ఉంది. 1976 నుంచి అభయారణ్యం, దాదాపు 459 హెక్టార్లు. పులికాట్‌తో పోలిస్తే చిన్నదే. కానీ గూడబాతులు, అంటే మచ్చల ముక్కు పెలికాన్లు, గూళ్లు పెట్టి పిల్లల్ని పెంచే చోటు ఇది. వాటితోపాటు నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాలు, నీటికాకులు, శబరి కొంగలు.

ఇక్కడ నీటి లెక్క పులికాట్‌కు సరిగ్గా తిరగేసి ఉంటుంది. గూళ్లుండే చెట్లు చెరువు నీళ్లలో మునిగి నిలబడతాయి. చెట్టు చుట్టూ నీళ్లుంటే నక్కలు, అడవిపిల్లులు గూళ్ల దాకా రాలేవు. అందుకే నేలపట్టుకు చెరువు నిండాలి. వానలు ముఖం చాటేసిన ఏడాది గూళ్లు పలచబడతాయి. పులికాట్‌కు నీళ్లు తగ్గాలి, నేలపట్టుకు నీళ్లు నిలవాలి. ఈ రెండూ ఒకేసారి కుదిరేది జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరి మధ్య దాకా. నేనైతే ఎవరికైనా ఆ రోజులే చెబుతాను.

ఇంకో సంగతి కూడా ఉంది. నేలపట్టులో గూడు పెట్టిన గూడబాతు చేపల కోసం పులికాట్‌కు పోతుంది. అక్కడ మేసి, ఇక్కడికొచ్చి పిల్లకు పెడుతుంది. పిల్ల తన తలను, ఒక్కోసారి మెడ దాకా, తల్లి గొంతు సంచిలోకి దూర్చి తింటుంది. మొదటిసారి చూసినవాళ్లు పిల్లను మింగేస్తోందేమోనని కంగారుపడతారు. కట్ట మీద నిలబడి ఇది చూస్తుంటే సరస్సూ చెరువూ వేర్వేరు కావని పిల్లలకు ఒక్క మాట చెప్పకుండానే అర్థమవుతుంది. పక్షుల రెట్టలు కలిసిన ఆ నీళ్లు పొలాలకు బలమని అక్కడి రైతుల నమ్మకం. ఊరివాళ్లు పక్షుల జోలికి ఎవర్నీ రానివ్వరంటే అది కూడా ఒక కారణం.

ఇక కొల్లేరు. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం చేశారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. ఇది మంచినీటి సరస్సు, ఉప్పుటేరు ద్వారా సముద్రంలో కలుస్తుంది. అయితే కంటికి ఆననంత నీళ్లు ఊహించుకుని వెళ్తే, దారి పొడవునా చేపల చెరువుల గట్లే ఎదురవుతాయి. 2006లో పెద్ద ఎత్తున గట్లు కొట్టేసినా కథ అక్కడితో ముగియలేదు. పక్షుల కోసమైతే కైకలూరు పక్కనే ఉన్న ఆటపాకకు వెళ్లాలి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్ల మీదే కాక, అటవీశాఖ నీళ్లలో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద కూడా గూళ్లు పెడతాయి. బోటులో దగ్గరికి తీసుకెళ్తారు. ఇది గట్టు కట్టిన చెరువు కాబట్టి పులికాట్‌లా నీళ్ల మీద అంత టెన్షన్ పడక్కర్లేదు. చిన్నపిల్లలు, మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లు వెంట ఉంటే నిస్సందేహంగా ఆటపాకే. సంక్రాంతికి తప్ప సెలవు దొరకదనే వాళ్లకూ అదే చెబుతాను, లేదా ఒక్క నేలపట్టు. నాకున్న వెలితి ఒక్కటే, ఓ గంట గడిచాక చూసిన పక్షులనే మళ్లీ చూస్తున్నట్టుంటుంది.

కోరంగిది వేరే లోకం. గోదావరి సముద్రంలో కలిసే చోట మడ అడవి, 1978 నుంచి అభయారణ్యం, 235 చదరపు కిలోమీటర్లు. ఇక్కడ వానల కన్నా సముద్రపు పోటు, పాటు, అంటే నీళ్లు ఎక్కడం, తీయడం ముఖ్యం. పోటు మీద బురద నేలలన్నీ మునిగిపోయి, బురదలో మేసే పిట్టలు కనిపించవు. మరీ పాటు మీద వెళ్తే సన్న కాలువల్లో బోటు కదలదు. బయల్దేరే ముందు కాకినాడ పోటు వేళలు చూసుకుని, నీళ్లు తీస్తుండే సమయానికి చేరండి. చెట్ల మధ్య చెక్క వంతెన మీద నడక చాలా బాగుంటుంది. లకుముకి పిట్టలు, బురద మీద గెంతే చేపలు, పీతలు పిల్లలకు బోలెడు కాలక్షేపం. ఆకుల చాటున పిట్టలు మాత్రం కంటికన్నా చెవికే ఎక్కువ దొరుకుతాయి. చేపలు పట్టి తినే బావురుపిల్లి కోసమే వెళ్తామనేవాళ్లకు ముందే చెప్పాలి, అది రాత్రి తిరిగే జంతువు, పగటి బోటు షికారులో కనబడుతుందని ఆశ పెట్టుకోవద్దు. పక్షుల లెక్కకు కాక అడవి కోసం వెళ్లండి, తృప్తిగా తిరిగొస్తారు.

శ్రీకాకుళం వైపు వాళ్లకు తేలినీలాపురం, గుంటూరు వాళ్లకు ఉప్పలపాడు ఉన్నాయి. పూట పనికి చక్కగా సరిపోతాయి. ఒడిశా దాకా వెళ్లే ఓపిక ఉంటే చిలికా ఎటూ ఉంది.

నేలపట్టు, పులికాట్ కలిపి వెళ్లేవాళ్లు సూళ్లూరుపేటలో ఒక రాత్రి ఉండండి. మొదటి రోజు మధ్యాహ్నం దాటాక నేలపట్టు, మేతకు పోయిన పక్షులు తిరిగొస్తుంటాయి. మర్నాడు తెల్లవారగానే శ్రీహరికోట రోడ్డు. ఆ రోడ్డు తూర్పుకు పోతుంది, చలికాలం సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు, కాబట్టి రోడ్డుకు ఉత్తరం పక్క నీళ్లను చూడండి. వెలుగు మీ వీపు మీద పడి రంగులు స్పష్టంగా కనిపిస్తాయి. బురదలోకి దిగడం, ఎగిరే ఫొటో కోసం చప్పట్లు కొట్టడం దయచేసి వద్దు, మేత మధ్యలో లేచిన మంద మళ్లీ కుదురుకోవడానికి చాలాసేపు పడుతుంది. రోడ్డు చివర షార్, అంటే ఇస్రో రాకెట్ కేంద్రం చెక్‌పోస్ట్ ఉంటుంది, అక్కడి నుంచి వెనక్కి తిరగాల్సిందే. చెన్నై-గూడూరు లైన్లో సూళ్లూరుపేటకు రైల్వే స్టేషన్ ఉంది కాబట్టి సొంత కారు లేకపోయినా ఇబ్బంది లేదు. ఆటో మాట్లాడుకునేటప్పుడే, ఆగి ఆగి వెళ్లాలని, ఆగినప్పుడు ఇంజన్ ఆపేయాలని చెప్పి బేరం కుదుర్చుకోండి. నీళ్లు ఎంతున్నాయో కూడా ఆ ఆటో అతన్నే అడగండి, రోజూ ఆ రోడ్డు మీద తిరిగే మనిషికి తెలియకపోదు.