పది రూపాయల నాణెమంత బిళ్ల: సిగార్ పెట్టె గిటార్‌తో పద్నాలుగు నెలలు

సిగార్ పెట్టెతో గిటార్ ఎలా కట్టాలో చూపించే వీడియోలు బోలెడు ఉన్నాయి. పెట్టె, కర్ర, మూడు తీగలు, వాటిని బిగించే మూడు బిరడాలు. ఆ జోలికి నేను పోను. ఈ పద్నాలుగు నెలల్లో నన్ను మురిపించిందీ, ఒక సాయంత్రం నలుగురిలో నా కాళ్లు వణికించిందీ పెట్టె మూత లోపల అతికించిన చిన్న బిళ్ల. రాయాల్సిందంతా దాని గురించే.

పియెజో బిళ్ల అంటారు. మన పది రూపాయల నాణెం గుర్తు తెచ్చుకోండి. చుట్టూ పసుపు, మధ్యలో తెలుపు. ఇదీ అంతే: బయట ఇత్తడి రేకు, మధ్యలో వెండి పూత పూసిన పింగాణీ లాంటి తెల్లటి పొర. నేను వాడినదాని కొలత కూడా నాణెంతో సమానం, 27 మిల్లీమీటర్లు. తెరవగానే పాట పాడే గ్రీటింగ్ కార్డుల్లో ఉండేది ఈ రకం బిళ్లే. అక్కడ కరెంటు ఇస్తే కంపిస్తుంది, ఇక్కడ కంపిస్తే కరెంటు పుట్టిస్తుంది. పది బిళ్లల ప్యాకెట్ నాకు పది డాలర్ల లోపే వచ్చింది.

మేముండేది మెంఫిస్ పక్కన. 61వ నంబరు హైవే మీద దక్షిణానికి గంటన్నర వెళ్తే మిసిసిపీలో క్లార్క్స్‌డేల్ వస్తుంది. నిరుడు ఏప్రిల్‌లో అక్కడి జూక్ జాయింట్ ఫెస్టివల్‌కి, అమెరికా నల్లజాతివాళ్ల సంగీతమైన బ్లూస్ పండుగకి, వెళ్లాం. ఫుట్‌పాత్ మీద ఒక పెద్దాయన ఇలాంటి పెట్టెను ఒళ్లో పెట్టుకుని, వేలికి గాజు తొడుగు పెట్టుకుని తీగల మీద జారుస్తున్నాడు. గిటార్ కొనే స్తోమత లేని ఇళ్లలో పిల్లలు ఇలాగే వాయిద్యాలు కట్టుకునేవారట. టెక్సస్ బ్లూస్ గాయకుడు లైట్నిన్ హాప్కిన్స్ చిన్నప్పుడు మొదలుపెట్టిందీ సిగార్ పెట్టెతోనే. నాకు బ్లూస్ తెలియదు. కానీ ఆయన చెయ్యి జారుతుంటే నాకు వినపడింది మన సంగీతంలో స్వరాన్ని ఊపే గమకం. మావాడు నా చొక్కా పట్టుకుని లాగేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

విజయనగరంలో చిన్నప్పుడు ఆరేళ్లు వీణ నేర్చుకున్నాను. అమ్మ కొనిపెట్టిన బొబ్బిలి వీణ. విమానంలో తెచ్చుకునే ధైర్యం లేక అమ్మ దగ్గరే వదిలేశాను. పదకొండేళ్లుగా అది గుడ్డ కప్పుకుని మంచం పక్కన ఉంది. ఈ సమీక్ష చదివేవాళ్లు ఈ సంగతి దృష్టిలో పెట్టుకోవాలి. గిటార్ వాయించేవాళ్లు దీన్ని చూసే చూపు వేరు, నాది వేరు.

మే నెలలో మా పదేళ్లవాడూ నేనూ కలిసి రెండు శని ఆదివారాల్లో కట్టేశాం. మూడు తీగల్నీ జీ, డీ, జీ అనే పాశ్చాత్య స్వరాలకు శ్రుతి చేయమన్నారు వీడియోల్లో. జీని షడ్జమం అనుకుంటే అది స, ప, పై స! మూడూ కలిపి మొదటిసారి మీటినప్పుడు నా ఒళ్లు జలదరించింది. ఎవరిదో దేశం, ఎవరిదో పెట్టె, శ్రుతి మాత్రం మా ఇంటిది.

వీణకున్నట్టు స్వరాల మెట్లు వేయలేదు. కర్ర మీద పెన్సిల్ గీతలు గీసుకుని, బోల్టులు విప్పే సెట్‌లోని సాకెట్ ఒకటి చిటికెన వేలికి తొడుక్కుని జారుస్తాను. నా తీగ పొడవు 25 అంగుళాలు. పియానో లెక్కన అంతర గాంధారం (మోహనంలో వచ్చే గ) గీత తల దగ్గరి బోల్టు నుంచి సుమారు 5.16 అంగుళాల దగ్గర పడుతుంది. తంబూరా మంద్ర షడ్జమంలో తనంతట తాను పలికే స్వయంభూ గాంధారం కావాలంటే సరిగ్గా 5 అంగుళాల దగ్గర ఆగాలి. తేడా నాలుగు మిల్లీమీటర్లు. గీత మీద ఆగితే పియానో, గీతకు కొంచెం ఇవతల ఆగితే ఇల్లు. నేను ఆ గీత చెరిపేసి ఇవతల కొత్తది గీసుకున్నాను.

ఆ నాలుగు మిల్లీమీటర్లు వినిపించేది బిళ్ల పుణ్యమే. ఉత్త పెట్టె మోత చిన్నది, పక్క గదిలోకి వెళ్లదు. బిళ్ల నుంచి వచ్చే వైరును శబ్దం పెంచే యాంప్‌కి కలిపితే చెయ్యి ఎక్కడ బయల్దేరింది, దారిలో ఎక్కడ నెమ్మదించింది, ఎక్కడ ఆగింది, అన్నీ తెలుస్తాయి. వీడియో కాల్‌లో అమ్మకి మోహన రాగం వినిపించాను. "ఇదేటే, పెట్టెకి తీగలు కట్టీసేవు?" అంది. కాసేపు విని, "గాంధారం బాగుందే, అక్కడే ఉంచు" అంది. నాకు ఇంకెవరి సర్టిఫికెట్టూ అక్కర్లేకపోయింది.

పది నెలలు ఏ పేచీ లేకుండా నడిచింది. ఈ మార్చిలో, ఉగాది సాయంత్రం, తెలుగువాళ్లం కొందరం ఒక హాల్లో కలిశాం. నన్ను పది నిమిషాలు వాయించమన్నారు. మొదటి రెండు నిమిషాలు బ్రహ్మాండంగా ఉంది. మోహనంలో పైకి వెళ్లి ధైవతం మీద నిలబడబోతుండగా ఎవరో పిల్లాడు వైరు దాటబోయి తన్నుకున్నాడు. వైరు ఊడలేదు గానీ శబ్దం పోయింది. పోయి ఊరుకున్నా బాగుండేది. దాని బదులు హాలంతా తేనెపట్టు కదిపినట్టు ఒకటే రొద. ఇక్కడి కరెంటు 60 హెర్ట్జ్, ఆ రొద పాశ్చాత్య స్వరాల్లో A షార్ప్‌కీ Bకీ మధ్య ఎక్కడో ఉంటుంది. నా షడ్జమంతో ఏ రకంగానూ కలవదు. చేతులు చల్లబడ్డాయి. యాంప్ ఆపేసి, ఫోన్‌లో తంబూరా పెట్టుకుని ఉత్త పెట్టె మీదే ముగించాను. ముందు వరసలో పిల్లలు దగ్గరికి జరిగి విన్నారు. వెనకవాళ్లకు ఏమీ వినపడి ఉండదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు మూతకున్న ఆరు స్క్రూలు విప్పి చూస్తే సంగతి అర్థమైంది. వైరు గుచ్చే జాక్ బయటి నట్టు నెలల తరబడి వాడకంలో వదులైంది. గుచ్చినప్పుడల్లా, తీసినప్పుడల్లా జాక్ కొంచెం కొంచెం తిరుగుతూ వచ్చింది. లోపలి ఎర్ర తీగా నల్ల తీగా తాడు పేనినట్టు మెలిపడి ఉన్నాయి. ఎర్ర తీగ బిళ్ల మధ్య నుంచి ఊడిపోయింది. దాని కొసన ఆవగింజంత టంకం చుక్క, ఆ చుక్కకు అంటుకుని వెండి పూత చిన్న పొలుసు. పిల్లాడి తప్పేమీ లేదు. అది ఎప్పటి నుంచో కొన ఊపిరితో ఉంది. ఊడిన ఎర్ర తీగ గాలిలో కరెంటు రొదనంతా పట్టే ఏరియల్ అయిపోయింది.

మళ్లీ అతికిద్దామని టంకం కడ్డీ పెట్టాను. మామూలు తీగలకు పెట్టినంత సేపు పెట్టకూడదని అప్పుడు తెలిసింది. మూడు సెకన్లకే మిగిలిన పూత కూడా లేచిపోయింది, ఆ వెంటనే పింగాణీ పొర మీద వెంట్రుకవాసి చీలిక వచ్చింది. ఆ బిళ్ల పని అయిపోయింది. రెండోదానికి ముందే టంకం బాగా పట్టేందుకు ఫ్లక్స్ రాసి, తీగ కొసకు టంకం పట్టించి ఉంచుకుని, ఒక్క సెకను తాకించి తీసేశాను. పట్టుకుంది. ఆనించి లాగి చూసే సాహసం చేయలేదు, పైన వేడి జిగురు చుక్క వేసి బిగించాను. జాక్‌కి లోపలివైపు పళ్ల వాషర్ వేశాను. ఉత్త తీగల బదులు చుట్టూ జాలీ ఉన్న షీల్డ్ వైరు వాడాను. తెల్ల పొర నుంచి వచ్చేది జాక్ కొసకు, ఇత్తడి రేకు నుంచి వచ్చేది జాక్ బయటి భాగానికి. ఇది తిరగబడితే రొద ఇంకా ఎక్కువ. పెట్టె మీద తీగలు ఆనే వంతెనగా వాడిన బోల్టు నుంచి కూడా ఒక సన్న తీగ ఇత్తడి వైపుకు కలిపాను, దాంతో తీగల మీద చెయ్యి ఉన్నంతసేపూ దాదాపు నిశ్శబ్దమే. మొదటిసారే ఈ పని చేసి ఉంటే ఉగాది నాడు ఆ అవస్థ ఉండేది కాదు. కట్టేవాళ్లెవరైనా జాక్ నట్టు నెలకొకసారి బిగించి చూసుకోండి.

ఇందాక చెప్పినదానికి ఒక మాట కలపాలి. బిళ్ల అన్నీ వినిపిస్తుందన్నాను. నిజంగా అన్నీ వినిపిస్తుంది. చేతి గాజు పెట్టెకు తగిలినా, చొక్కా బొత్తాం రాసుకున్నా, సాకెట్ తీగ మీద వాలినా అన్నీ యాంప్‌లోకి వెళ్తాయి. మొదట దాన్ని వంతెన కిందే నేరుగా అతికించాను. స్పష్టత ఎక్కువే గానీ, పై షడ్జమం రేకు డబ్బా మీద కొట్టినట్టు వచ్చేది, శబ్దం పెంచితే యాంప్ కీచుమనేది. రెండోసారి వంతెనకు అంగుళంన్నర దూరంలో, మధ్యలో పల్చటి కార్కు ముక్క పెట్టి అతికించాను. ఇప్పుడు గొంతు మెత్తబడింది, కీచు తగ్గింది. కానీ స్వరం సన్నగా ఊగే చిన్న చిన్న కంపితాలు మునుపంత తేటగా లేవు. అమ్మ మెచ్చుకున్న గాంధారం మొదటి బిళ్లది. రెండోది దానికి ఒక మెట్టు కిందే అని ఒప్పుకోవాలి.

పెట్టె సంగతికొస్తే, వేసవి ఉక్కలో పొగాకు వాసన ఇంకా వస్తుంది. మెడ కర్ర చలికాలంలో కొద్దిగా వంగింది, జార్చి వాయించే నాకు దానివల్ల నష్టం లేదు. వేళ్లతో తీగలు నొక్కి వాయించాలనుకుంటే ఇబ్బందే.

మళ్లీ కడతానా అంటే కడతాను. మీరు కట్టాలా అంటే నేను చెప్పలేను. నాకు వీణ దగ్గర లేదు, ఇంట్లో టంకం కడ్డీ ఉంది, గరాజ్‌లో పని చేసుకునే చోటుంది, పక్కన సాయం పట్టే కొడుకున్నాడు. ఇవేవీ లేకుండా, శ్రద్ధగా గిటార్ నేర్చుకోవాలనుకునేవాళ్లు ఆరు తీగల మామూలు గిటార్ కొనుక్కుంటేనే మంచిదేమో. దగ్గర్లో వీణ ఉన్నవాళ్లయితే ముందు దాని మీద గుడ్డ తీయండి.

ప్యాకెట్‌లో ఇంకా ఎనిమిది బిళ్లలున్నాయి. డిసెంబరులో విజయనగరం వెళ్తున్నాను. ఒక బిళ్లను వీణ గుర్రం (తీగలు ఆనే వంతెన) పక్కన మరక పడని జిగురు మైనంతో అంటించి ఒక్కసారి వినాలని ఉంది. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు.