విశాఖలో డాబా మీద పడే ఎండ: ఏ లెక్క మేలు?

ఇళ్ల డాబాల మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించుకునే పీఎం సూర్యఘర్ పథకం వచ్చిన దగ్గర్నుంచి తెలిసినవాళ్లంతా ఒకటే అడుగుతున్నారు: మన వైజాగ్‌లో చదరపు మీటరుకి రోజూ ఎంత ఎండ పడుతుంది, ఎలా లెక్కేయాలి? ఈమధ్యే మా డాబాకి నేనూ ఈ లెక్క కట్టాను.

మొదటిది అక్షాంశం, తేదీ పట్టుకుని కట్టే లెక్క. వాతావరణం పైన, సూర్యుడికి ఎదురుగా చదరపు మీటరుకి సుమారు 1361 వాట్లు. మనది 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం. దీని ప్రకారం వాతావరణం పైన చదరపు మీటరుకి జూలైలో రోజుకి సుమారు 10.7 యూనిట్లు (కిలోవాట్ గంటలు), డిసెంబరులో 7.4. ఇది చూసి జూలైలోనే కరెంటు బాగా వస్తుందనుకుంటే పొరపాటే. ఈ లెక్కలో నైరుతి రుతుపవనాలు లేవు.

నా దృష్టిలో అసలు సంగతి తేల్చేది మబ్బు. అందుకే నాకు ఆంగ్‌స్ట్రోమ్-ప్రెస్కాట్ సూత్రం ఇష్టం. ఎండ కాసిన గంటల్ని పగటి గంటలతో భాగించి, సగం చేసి, 0.25 కలపాలి. వచ్చినదాంతో పై యూనిట్లను గుణించాలి. స్థానిక కొలతలు లేనిచోట ఈ అంకెలే వాడమని ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ చెబుతుంది. ఉదాహరణకి జూలైలో 13 గంటల పగటిలో ఎండ 4 గంటలే కాసిందనుకోండి: 0.40 వస్తుంది, అంటే నేల మీదికి 4.3 యూనిట్లు. డిసెంబరులో 11 గంటల పగటిలో 8 గంటలు కాస్తే 0.61, అంటే 4.5. పైన ఒకటిన్నర రెట్లకి దగ్గరగా ఉన్న తేడా కిందకొచ్చేసరికి చెరిగిపోయింది! కాగితం మీద ఇది కళ్లారా చూశాకే నాకు విషయం బోధపడింది.

అయితే ఎండ గంటల రికార్డు అందరికీ దొరకదు. అలాంటప్పుడు ఉపగ్రహాల లెక్కే దిక్కు, అదీ మబ్బుల్ని చూసి కట్టిందే. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా నడిపే ‘నాసా పవర్’ వెబ్‌సైటులో ఏళ్ల తరబడి పోగైన డేటా ఉచితంగా దొరుకుతుంది. కానీ అందులో మ్యాపుని విడగొట్టిన ఒక్కో గడి వెడల్పు సుమారు వంద కిలోమీటర్లు. సముద్రం మీది ఆకాశం, కొండల మీది మబ్బు అందులో కలిసిపోతాయి. ప్రపంచ బ్యాంకు వాళ్ల ఆన్‌లైన్ మ్యాపు గ్లోబల్ సోలార్ అట్లాస్ గడులు అంతకంటే చాలా చిన్నవి. భీమిలికి, గాజువాకకి విడివిడిగా చూసుకోవచ్చు. సోలార్ కంపెనీవాళ్ల కాగితం మీద సంతకం పెట్టేముందు నేనైతే ఇందులో నెలవారీ అంకెలు చూస్తాను. ఏడాది సగటు ఒక్కటే చూస్తే వర్షాకాలం బిల్లు దగ్గర టెన్షన్ తప్పదు.

ఎండ శక్తిని కొలిచే పరికరం పైరనోమీటరుతో కొలిస్తే కచ్చితంగా తెలుస్తుంది, కాకపోతే ఒక ఇంటికి ఆ ఖర్చు దండగ. ఫోను యాప్‌లు వెలుతురు కొలుస్తాయి గానీ ఎండ శక్తిని కాదు.

ఏ లెక్క కట్టినా పక్క అపార్ట్‌మెంటు నీడ, మీ వాటర్ ట్యాంకు నీడ అందులో ఉండవు. డిసెంబరులో మధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. ఆ నెలలో ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం మూడింటికి డాబా ఎక్కి నీడ ఎక్కడిదాకా వస్తోందో సుద్దముక్కతో గీత గీసుకోండి.