పొలం పనికా, పరుగుకా: పోలారిస్ రేంజర్, కుబోటా ఆర్‌టీవీ

పోలారిస్ రేంజర్, కుబోటా ఆర్‌టీవీ రెండూ పొలంలో సామాను మోసే చిన్న నాలుగు చక్రాల బండ్లు. అమెరికాలో పదెకరాలు కొన్నవాళ్లు ఇలాంటి బండిలో ముందు చూసేది హార్స్‌పవర్. పోలారిస్ రేంజర్ ఎక్స్‌పీ 1000 పెట్రోల్ ఇంజిన్‌ది సుమారు 82. కుబోటా ఆర్‌టీవీ-ఎక్స్1100సీ డీజిల్‌ది 25 లోపే. కాగితం మీద ట్రైలర్ లాగే బరువూ రేంజర్‌దే ఎక్కువ: 1,134 కిలోలు, కుబోటాది 590. అసలు తేడా ఇంజిన్ శక్తిని చక్రాలకు చేర్చే ట్రాన్స్‌మిషన్‌లో ఉంది.

రేంజర్‌లో ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కు చేర్చేది సీవీటీ (మెట్లు లేకుండా వేగం మార్చే అమరిక) రబ్బరు బెల్టు. ట్రైలర్ కట్టి, ఎత్తు మీద, హై గేర్‌లో నెమ్మదిగా లాగితే క్లచ్ దాన్ని గట్టిగా పట్టదు. బెల్టు జారి వేడెక్కుతుంది, కాలిన రబ్బరు వాసన వస్తుంది. గంటకు 10 కిలోమీటర్లలోపు బరువు పనంతా లో గేర్‌లోనే చేయాలి. బెల్టు తెగితే లోపలి పీచు, ముక్కలు మొత్తం ఏరి తీశాకే కొత్తది వేయాలి. లేకపోతే అదీ పోతుంది. వేశాక మొదటి 80 కిలోమీటర్లు మెల్లగా నడపాలి.

కుబోటాది హైడ్రోస్టాటిక్, అంటే ఆయిల్ ఒత్తిడితో శక్తిని పంపే ట్రాన్స్‌మిషన్, బెల్టు గొడవే లేదు. పెడల్ వదిలితే వాలులో బండి తనంతట తనే నెమ్మదిస్తుంది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్, ఫిల్టర్ మాత్రం వేళకు మార్చాల్సిందే. వేగం గంటకు నలభై చిల్లర. ఇసుక దిబ్బల మీద సరదా దీనితో కాదు.

రోజూ మేత, కంచె స్తంభాలు మోయడానికైతే కుబోటా. వారాంతంలో ట్రైల్స్ (అడవి, కొండ బాటల్లో సరదా తిరుగుడు) కూడా కావాలంటే రేంజర్. సీటు కింద ఒక స్పేర్ బెల్టు, దాన్ని మార్చే పనిముట్లు ఉంచుకోండి.