గేమింగ్ పీసీ కొనాలా, క్లౌడ్‌లో ఆడుకోవాలా: ఏది మేలు?

అనంతపురం కమలానగర్‌లో కంప్యూటర్లు అసెంబుల్ చేసి అమ్మడం నా పని. జేఎన్‌టీయూ పిల్లలు, వాళ్ళ నాన్నలు ఈ మధ్య షాపుకు వచ్చి ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. "అన్నా, ఇక ముందు ఆటలన్నీ క్లౌడ్‌లోనే అంట కదా, ఇప్పుడు పీసీకి డబ్బులు పోసి ఏం లాభం?" అని పిల్లలు. "మావోడు ఇంకో ఏడాది ఆగుతానంటున్నాడు, ఆగమంటారా సార్?" అని నాన్నలు. క్లౌడ్‌లో ఆడటమంటే ఆట ఎక్కడో కంపెనీ పెద్ద కంప్యూటర్‌లో, అంటే సర్వర్‌లో నడుస్తుంది, దాని వీడియో నెట్ మీద మన తెరకు వస్తుంది.

పీసీ అమ్ముడుపోతే నాకు నాలుగు రూపాయలు మిగులుతాయి కాబట్టి ఊరికే నోటి మాటగా జవాబు చెప్పడం న్యాయం అనిపించలేదు. 2025 నవంబరులో మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఎక్స్‌బాక్స్ క్లౌడ్ గేమింగ్ మన దేశానికి వచ్చింది. చందా కట్టి, సాయినగర్‌లో మా ఇంట్లోనే రెండు నెలలు ఆడి చూశాను. నేనూ, మా అక్క కొడుకూ కలిసి చూసిన దాని మీద ఇది రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. ఇందులో క్లౌడ్‌దే పైచేయి, దాచడానికేమీ లేదు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ చిప్‌లు కావాలి, తయారు చేసే కంపెనీలు గట్టివి మూడే, వాళ్ళు పెద్ద బేరం వైపు పోయారు. అంతకుముందు నేను ధైర్యంగా చెప్పిన కొటేషన్‌ను ఇప్పుడు వారం రోజులు కూడా నిలబెట్టుకోలేకపోతున్నాను. కొత్త ఆటలు బాగా ఆడే పీసీ కావాలంటే 80 వేలు, లక్ష అలా పోతుంది. క్లౌడ్‌కైతే ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు. ఇంకో మేలు కూడా ఉంది. మన ఊళ్ళో ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట పీసీలో ఆట బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు మీద చెయ్యి పెట్టలేం. ఏసీ లేని గదిలో గేమింగ్ పీసీ నడిపితే పొయ్యి పక్కన కూర్చున్నట్టే. క్లౌడ్‌లో ఆ వేడంతా ఎక్కడో డేటా సెంటర్‌లో ఉంటుంది, మన ల్యాప్‌టాప్ వీడియో చూపించే పని ఒక్కటే చేస్తుంది.

అయితే చందా ఒక్కచోట ఉండదు. ఎక్స్‌బాక్స్ పెద్ద చందా ప్లాన్ గేమ్ పాస్ అల్టిమేట్ నెలకు 829 రూపాయలు ఉండేది, 2025 అక్టోబరులో ఒక్కసారిగా 1,389 చేశారు. ఆ లెక్కన ఏడాదికి 16,668. మూడేళ్ళు కడితే 50 వేలు. అంతకన్నా తక్కువ ప్లాన్లూ ఉన్నాయి, కానీ బొమ్మ నాణ్యతలోనో ఆటల సంఖ్యలోనో తగ్గాలి. డేటా కూడా లెక్క వేసుకోండి. 20 ఎంబీపీఎస్ వాడితే గంటకు 9 జీబీ. రోజుకు 2 జీబీ ఇచ్చే ఫోన్ ప్లాన్‌తో పావుగంట కూడా రాదు. కాబట్టి ఇంటికి ఫైబర్ లేనివాళ్ళకు ఈ చర్చే అక్కర్లేదు, హాట్‌స్పాట్ పెట్టి క్లౌడ్ ఆడే ఆలోచన మానుకోండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నా దృష్టిలో దీన్ని తేల్చేది డబ్బు కాదు, ల్యాగ్. అంటే మనం బటన్ నొక్కాక తెర మీద అది కనిపించేదాకా పట్టే ఆలస్యం.

"మాది 100 ఎంబీపీఎస్ లైన్ అన్నా, ఏం కాదు" అంటారు పిల్లలు. వేగం వేరు, ఆలస్యం వేరు. మా ఊరికి నీళ్ళిచ్చే పీఏబీఆర్ జలాశయం నుంచి వచ్చే పైపు ఎంత లావున్నా, వాల్వు తిప్పిన ఎంతసేపటికి మన కుళాయిలో నీళ్ళు పడతాయన్నది వేరే లెక్క. స్పీడ్ టెస్ట్ చెప్పేది పైపు లావు. ఆటకు కావలసింది ఆ రెండోది.

యూట్యూబ్ బాగా వస్తోంది కదా, ఆట ఎందుకు రాదు అని కూడా అడుగుతారు. యూట్యూబ్ కొన్ని సెకన్ల వీడియోను ముందే తెచ్చి దాచుకుంటుంది. మధ్యలో లైన్ తడబడినా, దాచిన దాన్ని చూపిస్తూ నెట్టుకొస్తుంది. ఆటలో ముందే తెచ్చి దాచుకోవడానికి ఏముంది? కారును కుడికి తిప్పుతానో ఎడమకు తిప్పుతానో నేను నొక్కేదాకా తర్వాతి బొమ్మ పుట్టదు. నేను నొక్కిన సంగతి సర్వర్‌కు చేరాలి, అక్కడ బొమ్మ గీయాలి, దాన్ని వీడియోగా కుదించాలి, అది మన ఇంటికి రావాలి, ల్యాప్‌టాప్ దాన్ని విప్పి తెర మీద పెట్టాలి. సెకనుకు 60 బొమ్మలు చూపించాలంటే ఒక్కో బొమ్మకు దొరికే సమయం 16.7 మిల్లీసెకన్లు. ఏ బొమ్మ ఆలస్యంగా వచ్చినా అది ఎదురుచూసి వాడుకునేది కాదు, పారేసేదే.

చాలామంది సర్వర్ దూరాన్ని తప్పుపడతారు. అది సగం నిజమే. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. సర్వర్ వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉందనుకుంటే, పోయి రావడానికి 10 మిల్లీసెకన్లు. అనంతపురానికి హైదరాబాద్, బెంగళూరు రెండూ దగ్గరే, నలభై నాలుగో జాతీయ రహదారి మీదనే ఉన్నాం. దూరం మన శత్రువు కాదు. వెయ్యి కిలోమీటర్లు 10 మిల్లీసెకన్లలో దాటి వచ్చినది మన వీధిలోకి వచ్చి ఆగిపోతుంది.

నేను చేసిన పరీక్ష చెప్తాను. ఉదయం ఆరున్నరకు, రాత్రి ఎనిమిదిన్నరకు, పది రోజులు వరుసగా ల్యాప్‌టాప్‌లో పింగ్ పెట్టి చూశాను. పింగ్ అంటే చిన్న సందేశం సర్వర్‌కు పోయి తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో కొలిచే పరీక్ష. ప్రతిసారీ వందసార్లు. ఉదయం 27 నుంచి 31 మిల్లీసెకన్ల మధ్య కదిలింది, అంతే. రాత్రి 29 కూడా వచ్చింది, 140 కూడా వచ్చింది, ఒకదాని వెంట ఒకటి. స్పీడ్ టెస్ట్ మాత్రం రెండు పూటలా 90 పైనే. ఈ అంకె ఒకచోట నిలవకపోవడమే ఆటను చంపేది. స్థిరంగా 60 మిల్లీసెకన్ల ఆలస్యం ఉంటే చెయ్యి దానికి అలవాటు పడుతుంది, మలుపు రాకముందే బ్రేక్ వేయడం నేర్చుకుంటాం. 30, 140, 45, 110 అని వస్తుంటే చేతికి ఏం నేర్పగలం? ఫోర్జా హొరైజన్ అనే కారు పందేల ఆటలో ఉదయం సాఫీగా తిరిగిన మలుపులోనే రాత్రి మా అక్క కొడుకు కారును గోడకు కొట్టాడు. వాడి తప్పు కాదది.

ఎందుకు ఇలా? సాయంత్రం అందరూ ఇళ్ళకు చేరతారు. వీధికి వచ్చే ఒక్క ఫైబర్‌ను స్ప్లిటర్ పెట్టి 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో పంచుతారు. జీపాన్ అనే ఈ పద్ధతిలో మొత్తం లైన్‌కు ఉండేది సుమారు 2.5 జీబీపీఎస్. 64 ఇళ్ళూ ఒకేసారి లాగితే ఇంటికి 40 కూడా రాదు. ఆపరేటర్ పైనుంచి తెచ్చుకునే బ్యాండ్‌విడ్త్ తక్కువైతే ఇంకా కష్టం. సీరియళ్ళు, క్రికెట్, రీల్స్ అన్నీ దాచుకుని చూపించేవే కాబట్టి ఎవరికీ తెలియదు. క్లౌడ్‌లో ఆడేవాడికి ఒక్కడికే తెలుస్తుంది. కరెంటు పోయినప్పుడు కూడా చూడండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, రౌటర్ వెలుగుతూనే ఉంది. స్తంభం మీది ఆపరేటర్ డబ్బాకు బ్యాకప్ లేకపోతే నెట్ పోతుంది, ఆట పోతుంది. అదే సమయంలో ల్యాప్‌టాప్‌లో వేసుకున్న ఆట నడుస్తూనే ఉంటుంది.

ఇందులో కొంత మన చేతిలో ఉంది. మా హాల్లోని రౌటర్‌కూ పిల్లవాడి గదికీ మధ్య రెండు గోడలు. చుట్టుపక్కల ఇళ్ళ వైఫైలన్నీ మా వైఫై వాడే 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగాల మీదనే తొక్కుకుంటున్నాయి. వైఫై వదిలేసి, రౌటర్ నుంచి ల్యాప్‌టాప్‌కు 15 మీటర్ల లాన్ కేబుల్ గోడ వెంబడి లాగి పెడితే రాత్రి పూట 140 కొట్టేది 70 దగ్గర ఆగింది. మూడు నాలుగు వందల ఖర్చు. క్లౌడ్ కోసం ఒక్క రూపాయి పెట్టాలన్నా మొదట దీనికే పెట్టండి. మిగిలిన సగం మన వీధిది, మనం ఏమీ చేయలేం.

ఇంతవరకు చదివి, క్లౌడ్ పనికిరాదు అంటున్నానని అనుకోకండి. ఆడి చూస్తుంటే ఇంకో సంగతి తెలిసింది. ల్యాగ్ భరించలేని ఆటలు వేరు, పెద్ద గ్రాఫిక్స్ కార్డు అడిగే ఆటలు వేరు, చాలావరకు రెండూ ఒకటి కావు. మా షాపుకు వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ఆడేది వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ అనే కాల్పుల పోటీ ఆటలు. వీటిలో 50 మిల్లీసెకన్లు ఆలస్యమైతే మనం ఎదుటివాడిని చూసేలోపే వాడు కాల్చేసి ఉంటాడు. కానీ వాలరెంట్‌ను 4 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్ మీద కూడా నడిచేలా తయారు చేశారు. దానికి లక్ష రూపాయల పీసీ ఎందుకు? అటువైపు, కొండలు, కోటలు, వానలు అన్నీ నిజంలా చూపించే పెద్ద కథల ఆటలకు ఖరీదైన కార్డు కావాలి. వాటిలో మనం నడుస్తాం, మాట్లాడతాం, ఆలోచిస్తాం. అర క్షణం ఆలస్యం మనల్ని ఓడించదు. అలాంటివి ఆడినప్పుడు క్లౌడ్ నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది. ఎనిమిదేళ్ళ నాటి ల్యాప్‌టాప్‌లో, ఫ్యాన్ చప్పుడు కూడా లేకుండా అంత పెద్ద ఆట నడవడం ఈ వృత్తిలో ఉన్న నాకే నమ్మబుద్ధి కాలేదు.

అందుకే లక్ష పెట్టడానికి వచ్చిన నాన్నలకు ఇప్పుడు నేనే తగ్గించి చెబుతున్నాను. 25, 30 వేలలో సెకండ్ హ్యాండ్ పీసీ తీసుకోండి. ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1650 లాంటి చిన్న కార్డు. పోటీ ఆటలకు అది సరిపోతుంది, చదువుకూ ప్రాజెక్టుకూ పనికొస్తుంది. ల్యాప్‌టాప్ ఒక్కటి చాలనుకుంటే, కార్డు ఉన్నది సెకండ్ హ్యాండ్‌లో జాగ్రత్తగా చూసుకోవాలి, బ్యాటరీ, హింజ్ రెండూ పరీక్షించాలి. పెద్ద ఆట ఆడాలని మనసైతే సెలవుల్లో ఒక్క నెల చందా కట్టి ఆడేసి ఆపేయమనండి. ఏడాది పొడవునా కట్టాల్సిన పని లేదు.

సొంతదే మేలని నేను మొగ్గడానికి ఇంకో కారణం ఉంది. క్లౌడ్ వ్యాపారం కొత్తది కాదు. ఆన్‌లైవ్ అని 2010లో అమెరికాలో మొదలైంది, 2015లో మూతపడింది. గూగుల్ అంతటి సంస్థ 2019 నవంబరులో స్టేడియా తెచ్చింది, 2023 జనవరి 18న ఆపేసింది. కొన్న ఆటల డబ్బులు వెనక్కి ఇచ్చింది, అది మెచ్చుకోవాలి. కానీ ఆటలు మాత్రం పోయాయి. సోనీ 2012లోనే గైకాయ్ అనే క్లౌడ్ కంపెనీని 38 కోట్ల డాలర్లకు కొన్నది, ఆ తర్వాత కూడా టీవీకి తగిలించి ఆడే పీఎస్4, పీఎస్5 కన్సోల్ డబ్బాలు అమ్ముతూనే ఉంది. క్లౌడే మొత్తం భవిష్యత్తని వాళ్ళే నమ్మి ఉంటే అంత ఇనుము, ప్లాస్టిక్ ఎందుకు పోస్తారు? నా లెక్కలో క్లౌడ్ పెరుగుతుంది, పెద్ద ఆటలు కొంతవరకు అటు పోతాయి. చేతి వేగం మీద గెలిచే ఆటలు మాత్రం మన వీధి తీగ మారేదాకా మన టేబుల్ మీదనే ఉంటాయి.

కన్సోల్ గురించి అడిగేవాళ్ళూ ఉన్నారు. టీవీ ముందు నలుగురూ కూర్చుని ఆడుకునే ఇంటికి మంచిదే, చదువుకు పనికిరాదు. ఫోన్‌లో బీజీఎంఐతో తృప్తి పడేవాళ్ళకు ఈ ఖర్చు ఏదీ వద్దు. గేమింగ్ సెంటర్లో గంటకింత అని ఆడేవాళ్ళు నెలకు ఎంత అవుతోందో ఒక్కసారి కాగితం మీద రాసుకుని చూడండి, చాలు.

చందా కట్టేముందు మాత్రం రాత్రి ఎనిమిదిన్నరకు పింగ్ పెట్టి చూడండి. వందసార్లు పెట్టి, సగటును వదిలేసి, అన్నిటికన్నా తక్కువ అంకె, అన్నిటికన్నా ఎక్కువ అంకె రాసుకోండి. రెంటికీ తేడా 20 లోపు ఉంటే మీ వీధి మంచిది, ధైర్యంగా కట్టండి. 50 దాటితే ముందు లాన్ కేబుల్, ఆ తర్వాత మళ్ళీ పరీక్ష.

మా అక్క కొడుక్కు సెకండ్ హ్యాండ్ ఐ5 తెచ్చి పెట్టాను. వాలరెంట్ అందులో ఆడుకుంటున్నాడు. చందా జనవరిలో ఆపేశాం. మే నెలలో పరీక్షలు అయిపోగానే మళ్ళీ ఒక్క నెల కట్టమన్నాడు, కడతానని మాట ఇచ్చాను. గోడ వెంబడి లాగిన కేబుల్ అలాగే ఉంచాం.