డిప్‌స్టిక్ లేని గేర్‌బాక్స్‌తో ఏడేళ్ళు, వెనక జనరేటర్ ట్రాలీతో

మైలేజీ, సీట్లు, ఏసీ గురించి నేనేమీ రాయడం లేదు. అవన్నీ అందరికీ తెలిసినవే. 2018లో కొన్న నా ఏడు సీట్ల డీజిల్ ఆటోమేటిక్ బండి ఇప్పుడు 1,46,000 కిలోమీటర్ల దగ్గరుంది. అందులో దగ్గర దగ్గర సగం వెనక జనరేటర్ ట్రాలీ తగిలించుకుని తిరిగినవే. మాది పలమనేరులో సప్లయర్స్ అంగడి. షామియానాలు, లైటింగ్, వంట సామాన్లు అన్నీ ఇస్తాం. నేను కె.ఆర్.పురంలో ఉంటూ బెంగళూరు ఆర్డర్లు చూసుకుంటాను. పెద్ద జనరేటర్ మాకు ఒక్కటే, అది ఘాట్ రోడ్డు ఎక్కుతూ దిగుతూనే ఉంటుంది.

నా కోపమంతా ఒక్కదాని మీదే. ఈ బండి గేర్‌బాక్స్‌కి డిప్‌స్టిక్, అంటే ఆయిల్ కొలిచి చూసుకునే కడ్డీ, లేదు. ఇంజన్ ఆయిల్ ఎంతుందో, ఎలా ఉందో బానెట్ ఎత్తి గుడ్డతో తుడిచి చూసుకోవచ్చు. పాత ఆటోమేటిక్ బండ్లలో గేర్ ఆయిల్‌కి కూడా అలాంటి కడ్డీ ఉండేది. దీనికి తీసేశారు. అడిగితే సర్వీస్ సెంటర్‌లో ప్రతిసారీ ఒకటే మాట: "లైఫ్‌టైమ్ ఆయిల్ సార్, ముట్టుకోనక్కర్లేదు." నాలుగేళ్ళు ఆ మాట నమ్మాను.

ఆటోమేటిక్ ఎందుకు కొన్నానో చెప్పాలి. 2017లో నా ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది. కె.ఆర్.పురం హ్యాంగింగ్ బ్రిడ్జి దగ్గర సాయంత్రం ఆరు గంటలకు క్లచ్ తొక్కుతూ వదులుతూ గంటసేపు నిలబడితే రాత్రంతా నిద్ర పట్టేది కాదు. ఈ బండి వచ్చాక ఆ బాధ పోయింది. పైగా మిట్ట మీద ట్రాలీతో ఆగి మళ్ళీ కదలాలంటే మాన్యువల్ బండిలో క్లచ్ కాలిన వాసన రావాల్సిందే, ఇందులో బ్రేకు వదిలితే మెత్తగా ముందుకు పోతుంది. బరువు లాగడానికి ఆటోమేటిక్‌ని మించింది లేదని 2019లో కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. నా మాట మీద ఇద్దరు కొన్నారు కూడా.

ఆ మాటని ఇప్పుడు కొంచెం సవరించుకుంటున్నాను. క్లచ్ కాలదన్నది నిజమే. ఆ పని ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్‌లో తిరిగే ఆయిల్ చేస్తుంది. ఇంజన్ వైపు చక్రం ఆయిల్‌ని విసురుతుంది, ఆ ఊపుకి గేర్‌బాక్స్ వైపు చక్రం తిరుగుతుంది. రెండింటి వేగంలో ఎంత తేడా ఉంటే అంత వేడి ఆయిల్‌లోకి చేరుతుంది. నిలకడగా పోతున్నప్పుడు లాకప్ క్లచ్ రెండింటినీ కలిపి పట్టేస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. లారీ వెనక నెమ్మదిగా ఘాటెక్కుతుంటే ఆ లాకప్ విడిపోతుంది. అంటే క్లచ్‌కి తగలాల్సిన దెబ్బ ఆయిల్‌కి తగులుతోంది, మనకి కనిపించడం లేదు, అంతే.

2022 మే నెల, వైశాఖ ముహూర్తాలు. చిత్తూరులో పెళ్ళి ముగించుకుని మధ్యాహ్నం ఎండలో బయల్దేరాం. పక్కన మా నాయన. బంగారుపాళ్యం దాటి మొగిలి ఘాట్ మొదలయ్యేసరికి ముందర లోడు లారీలు వరసగా పాకుతున్నాయి. సగం ఘాట్ ఎక్కాక ఇంజన్ గొంతు పెరిగింది, బండి వేగం పెరగలేదు. యాక్సిలరేటర్ ఇంకాస్త తొక్కితే మోత ఎక్కువైంది గానీ చక్రాల్లోకి బలం రాలేదు. కాసేపటికి మీటర్లో గేర్‌బాక్స్ వేడి లైటు వెలిగింది. ఆ తర్వాత బండి ఒకే గేర్‌లో ఇరుక్కుపోయింది. పక్కకి తీసి, ట్రాలీ చక్రాలకు రాళ్ళు పెట్టి, భయంతో వెంటనే ఇంజన్ ఆపేశాను. అది తప్పని తర్వాత తెలిసింది. పార్క్‌లో పెట్టి ఇంజన్ నడవనిస్తే ఆయిల్ కూలర్‌లో తిరిగి చల్లబడేది. ఆపేసరికి ఆ వేడి ఆయిల్ ఎక్కడిదక్కడ నిలబడిపోయింది.

మా నాయన చెట్టు నీడన కూర్చుని బండి వైపే చూస్తూ అన్నాడు: "పొద్దుట్నించీ నీళ్ళు పెట్టకుండా ఎద్దును కొండెక్కించినట్టుంది కదరా." ఆ రోజు మా తమ్ముడు పికప్ తెచ్చి ట్రాలీని ఇంటికి చేర్చాడు. మేము గంటన్నర తర్వాత ముప్పై వేగంతో పలమనేరు చేరాం.

సర్వీస్ సెంటర్‌లో కంప్యూటర్ తగిలించి చూసి గేర్‌బాక్స్ మొత్తం మార్చాలన్నారు, మూడున్నర లక్షలు. ఆయిల్ ఒకసారి తీసి చూడమని అడిగితే సీల్డ్ యూనిట్, తీయం అన్నారు. ఆ రాత్రి ఇంట్లో బండితో ఇచ్చిన పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. మామూలు సర్వీస్ పట్టికలో గేర్ ఆయిల్ ఊసే లేదు. నాలుగు పేజీల తర్వాత కఠిన వాడకం పట్టిక ఇంకొకటి ఉంది. ట్రాలీ లాగడం, ఘాట్ రోడ్లు, ఎండ ప్రాంతాలు, ఆగుతూ కదిలే ట్రాఫిక్... నాలుగూ నా వాడకమే. అక్కడ 60,000 కిలోమీటర్లకు ఆయిల్ మార్చమని అచ్చేసి ఉంది. నా మీటర్ అప్పుడు 68,000. బండి వెనక ట్రాలీ తగిలించే కొక్కెం చూసి కూడా నాలుగేళ్ళలో ఒక్కరూ ఆ పేజీ తీసి చూపించలేదు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కలాసిపాళ్యం దగ్గర ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లే చేసే ఒక భాయ్ ఉన్నాడని తెలిసి అక్కడికి పోయాను. మనిషి మన తెలుగు చక్కగా మాట్లాడతాడు. కింద ప్లగ్ విప్పి, కారిన ఆయిల్‌ని తెల్లగుడ్డ మీద రెండు చుక్కలు వేశాడు, పక్కన కొత్త డబ్బా నుంచి రెండు చుక్కలు. కొత్తది దానిమ్మ రసంలా ఎర్రగా పారదర్శకంగా ఉంది. నాది చిక్కటి కాఫీ డికాషన్, మాడిన పోపు వాసన. గేర్‌బాక్స్ కింది ట్రే విప్పితే అడుగున అయస్కాంతాలకు కాటుకలాంటి నల్లటి పిండి అంటుకుని ఉంది. భాయ్ దాన్ని రెండు వేళ్ళ మధ్య రుద్ది, నా వేళ్ళకీ రాశాడు. "గరుకు తగులుతుందా అన్నా? లేదు కదా. మెత్తటి పిండి అరుగుదలే, రేకులు వస్తే గేర్లు పోయినట్టు. దీనికి ఇంకా ప్రాణం ఉంది." నాకు అక్కడే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఇక్కడ ఒక లెక్క తెలుసుకోవాలి. మొత్తం ఆయిల్ తొమ్మిది లీటర్లయితే ప్లగ్ విప్పినప్పుడు దిగేది నాలుగే, మిగతాది టార్క్ కన్వర్టర్‌లో, పైపుల్లో ఉండిపోతుంది. అందుకని ఫిల్టర్ మార్చి, నాలుగు పోసి, మూడొందల కిలోమీటర్లు నడిపి మళ్ళీ నాలుగు, ఇంకోసారి నాలుగు. మూడోసారికి పాత ఆయిల్ ఆరో వంతుకి తగ్గింది. బండి పుస్తకంలో రాసిన గ్రేడే పోశాం, జె.సి.రోడ్‌లో నేనే దగ్గరుండి సీల్ చూసి కొన్నాను. రంగు ఎర్రగా ఉంటే చాలు అనుకోకూడదు. లోపలి క్లచ్‌లు ఎంత జారాలో, ఎక్కడ పట్టాలో ఆ గ్రేడ్‌ని బట్టే ఉంటుంది. కూలీతో కలిపి ఇరవై వేల లోపే అయింది.

డిప్‌స్టిక్ లేకపోవడం వల్ల వచ్చే అసలు తిప్పలు నింపేటప్పుడు చూశాను. బండి సమంగా లేపి, ఇంజన్ నడుపుతూ, బండి కంప్యూటర్‌కి తగిలించే స్కానర్‌లో ఆయిల్ వేడి నలభై డిగ్రీలకు రాగానే లెవెల్ ప్లగ్ విప్పాలి. ఆయిల్ ధారగా వస్తే ఎక్కువ, ఏమీ రాకపోతే తక్కువ. సన్నటి దారంలా వచ్చి చుక్క చుక్కగా మారే క్షణంలో బిగించాలి. వేడి యాభై దాటితే ఆయిల్ వ్యాకోచించి లెక్క తప్పుతుంది. చల్లారేదాకా ఆగి మళ్ళీ మొదలుపెట్టాలి. మా బండికి రెండుసార్లు అలా అయింది. ఒక కడ్డీ పెట్టి ఉంటే ఇదంతా నేను మా ఇంటి ముందు చూసుకునేవాణ్ణి.

భాయ్ మాట మీద ఏసీ కండెన్సర్ ముందర ఇంకో చిన్న ఆయిల్ కూలర్ పెట్టించాను. అంతకుముందే ఎస్.పి.రోడ్‌లో ఒక స్కానర్ కొని ఫోన్‌కి కలిపాను. నేను మనసారా మెచ్చుకునేది దీన్నే. కూలర్ పెట్టకముందు ఒకసారి మొగిలి ఘాట్‌లో 118 డిగ్రీలు చూశాను. అదే ట్రాలీతో ఇప్పుడు 100 దాటడం లేదు. ఆయిల్ 80 డిగ్రీలు దాటాక పైన ప్రతి పదకొండు డిగ్రీలకూ దాని ఆయుష్షు సగానికి పడిపోతుందన్నది ఈ రంగంలో పాత కొలత. ఘాట్‌లో గేర్‌ని చేత్తో కింది గేర్‌లో పట్టి ఉంచితే లాకప్ నిలబడి వేడి తగ్గుతుందని కూడా ఆ అంకెలు చూస్తూనే నేర్చుకున్నాను. ఎన్నో కంపెనీలకు ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లు చేసిచ్చే జర్మనీ జెడ్‌ఎఫ్ సంస్థ కూడా తన గేర్‌బాక్స్‌లకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్ళకు ఆయిల్ మార్చమనే చెబుతుంది. నా బండిలో ఉన్నది వాళ్ళది కాదు. అయినా చేసేవాళ్ళే మార్చమంటుంటే మధ్యలో ఈ లైఫ్‌టైమ్ మాట ఎందుకో నాకు అర్థం కాదు.

అంతా నయమైందని చెప్పను. పొద్దున చల్లటి ఇంజన్‌తో మూడు నుంచి నాలుగో గేర్‌కి మారేటప్పుడు చిన్న కుదుపు ఇప్పటికీ ఉంది. ఆ రోజు ఘాట్‌లో కాలిన క్లచ్ పొర కొత్త ఆయిల్‌తో తిరిగి రాదు.

కొనమంటారా అని అడిగితే, నా మోకాలు నాది, నా దారి నాది. వారానికి రెండుసార్లు ఘాటెక్కే నాకు కూలర్, స్కానర్ రెండూ ఉంటేనే ఈ బండి సరిపోయింది. మా తమ్ముడు తన మాన్యువల్ పికప్‌ని దీనితో మార్చుకోమంటే ఒప్పుకోడు, వాడి లెక్క వాడికి సరైందే. ట్రాలీ లేకుండా బెంగళూరులోనే తిరిగేవాళ్ళకు ఇంత బాధ ఉండదు గానీ, సిల్క్ బోర్డు ట్రాఫిక్ కూడా ఆ కఠిన వాడకం పట్టికలో ఉన్న రకమే.

నేను ఇప్పుడు 40,000కి ఒకసారి మార్పిస్తున్నాను. ఈసారి ఆషాఢానికి పడుతుంది. ఆ నెల ముహూర్తాలుండవు, జనరేటర్ పలమనేరులోనే ఉంటుంది, బండిని మూడు రోజులు భాయ్ దగ్గర వదిలేయొచ్చు. తెల్లగుడ్డ నేనే తీసుకుపోతాను.