‘షుగర్ ఫ్రీ’ చోడి లడ్డూలు కొనేముందు స్టిక్కర్ కింద ఏముందో చూడండి: విజయనగరం వాళ్లకి హెచ్చరిక

విజయనగరంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉన్నవాళ్లు, ముఖ్యంగా ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లు ఉంటే, దయచేసి ఇది చివరిదాకా చదవండి. ‘షుగర్ ఫ్రీ’ అనీ, ‘షుగర్ ఉన్నవాళ్లూ నిశ్చింతగా తినొచ్చు’ అనీ రాసి అమ్ముతున్న చోడి (రాగి) లడ్డూలు నమ్మి కొన్నాను. మా నాన్నకి పెట్టాను. వారం తిరక్కుండా ఆయన షుగర్ 312కి వెళ్లింది.

మా నాన్నకి అరవై ఆరేళ్లు. పదకొండేళ్లుగా షుగర్ ఉంది, మాత్రల మీదే నడుస్తోంది. తీపంటే ప్రాణం. షుగర్ వచ్చిందని ఆయన తీపి మానలేదు, మేమూ మానిపించలేదు. ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఆదివారం మధ్యాహ్నం అన్నం కాస్త తగ్గించి, తిన్నాక ఒక పాకుండో, అరిసెలో సగమో పెడతాం. సాయంత్రం అయ్యకోనేరు గట్టు మీద నడిచొస్తారు. ఇన్నేళ్లూ పరగడుపున 115, 125 మధ్యనే ఉండేది. కొలిచి తినే తీపి ఆయన్ని ఏమీ చెయ్యలేదు. ‘ఇందులో తీపి లేదు’ అని చెప్పి అమ్మిన తీపి చేసింది.

మా ఊరి పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి చుట్టాలొస్తారు కదా, తొలేళ్లకి (అంటే సిరిమానుకి ముందురోజుకి) నాలుగు రోజుల ముందు, గురువారం, మిఠాయిలు కొనడానికి వెళ్లాను. ఈమధ్యే పెట్టిన దుకాణం, చిరుధాన్యాల మిఠాయిలు ప్రత్యేకం అని బోర్డు. చోడి లడ్డు, కొర్రల బర్ఫీ, ఖర్జూరం రోల్సు అన్నీ అందంగా పేర్చి ఉన్నాయి. చోడి లడ్డు డబ్బా మీద పచ్చరంగు స్టిక్కర్, ‘షుగర్ ఫ్రీ’ అని పెద్ద అక్షరాలు. మా నాన్నకి షుగర్ ఉందండీ, పెట్టొచ్చా అని నోరు తెరిచి అడిగాను. ‘ఆయన కోసమే చేశామమ్మా, రోజుకి నాలుగు తిన్నా ఏం కాదు’ అన్నారు కౌంటర్ దగ్గరాయన. అరకిలో 420 రూపాయలు. రెండు డబ్బాలు తీసుకున్నాను. అంత ధర పెట్టినప్పుడు మంచి సరుకే అయి ఉంటుందనుకున్నాను.

నాన్న ఎంత సంబరపడ్డారో చెప్పలేను. లెక్క లేకుండా తీపి తిని పదకొండేళ్లయింది ఆయనకి. పొద్దున టీతో ఒకటి, భోజనం తర్వాత ఒకటి, రాత్రి ఒకటి. నేనే అందించాను. ఇంకోటి తినండి నాన్నా, షుగర్ లేదు కదా అన్నది కూడా నేనే. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

మంగళవారం సిరిమాను చూడ్డానికి శ్రీకాకుళం నుంచి మా అప్ప, బావ పిల్లలతో వచ్చారు. కోట దగ్గర జనంలో నిలబడి ఉండగా నాన్న రెండు సీసాల నీళ్లు తాగేశారు. ఎండకనుకున్నాం. మర్నాడు పొద్దున్న అప్ప నన్ను వంటింట్లోకి పిలిచి, ‘నాన్నకేటయిందే? రాత్రి నాలుగుసార్లు లేచారు’ అంది. అప్పుడు మిషను తీశాను. పరగడుపున 196. భోజనమైన రెండు గంటలకి మళ్లీ చూస్తే 312. కళ్లు మసకగా ఉన్నాయని అప్పుడు చెప్పారాయన. పండగ పూట మమ్మల్ని కంగారు పెట్టడమెందుకని అంతవరకూ దాచుకున్నారు.

డాక్టరుగారికి ఫోన్ చేశాం. కొత్తగా ఏం తింటున్నారని అడిగితే లడ్డూల సంగతి చెప్పాను. వెంటనే ఆపెయ్యమన్నారు, నీళ్లు బాగా తాగమన్నారు, మాత్రల మోతాదు సొంతంగా పెంచొద్దని గట్టిగా చెప్పారు. వాంతులుగానీ మగతగానీ ఉంటే రాత్రయినా సరే తీసుకొచ్చెయ్యమన్నారు. అదృష్టం బాగుండి అంతదాకా రాలేదు. ఆరు రోజులకి పరగడుపున 130కి దిగింది.

డాక్టరుగారితో మాట్లాడిన సాయంత్రమే రెండో డబ్బా పట్టుకుని కూర్చున్నాను. వెనక పోషక విలువల పట్టిక ఉండాల్సిన చోట ధర స్టిక్కర్ అతికించి ఉంది. గోరుతో మెల్లగా లాగాను. కింద అచ్చువేసి ఉన్న వరుస ఇది: చోడి పిండి, బెల్లం, ఖర్జూరం ముద్ద, నెయ్యి, లిక్విడ్ గ్లూకోజ్. దాని కింద, 100 గ్రాములకి మొత్తం చక్కెరలు 46 గ్రాములు.

మా వంటింటి కాటా మీద ఒక్కో లడ్డూ 30 గ్రాములు తూగింది. అంటే ఒక్క లడ్డూలో 14 గ్రాముల చక్కెర, మూడు టీ చెంచాల పైమాటే. రోజుకి మూడు తిన్నారు కాబట్టి 42 గ్రాములు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో ఏ జబ్బూ లేనివాళ్లకే రోజు మొత్తానికి పైన కలిపే చక్కెర 25 గ్రాములు దాటొద్దని ఉంది. మా నాన్న ఐదారు రోజులపాటు ఒక్క లడ్డూల్లోనే అంతకంటే చాలా ఎక్కువ తిన్నారు. పైగా చోడి పిండి కూడా పిండే, అదీ ఒంట్లో గ్లూకోజుగా మారేదే. పీచు ఉంది కాబట్టి మైదా కంటే నయం, అంతమాత్రాన లెక్కలోంచి తీసెయ్యలేం.

డబ్బా తీసుకుని దుకాణానికి వెళ్లాను. యజమాని దబాయించలేదు, ఉన్నమాట చెప్పాలి. నెమ్మదిగానే, ‘పంచదార గింజ కూడా వెయ్యలేదమ్మా, అంతా అనకాపల్లి బెల్లమే. షుగర్ అంటే పంచదారే కదా?’ అన్నారు. ఆయన నిజంగానే అలా నమ్ముతున్నారో, తెలిసే అంటున్నారో నాకు తేలలేదు. కానీ ఈ మాట ఆయన ఒక్కరిదే కాదు. మన ఇళ్లలో కూడా ‘బెల్లమేగా, ఏం కాదులే’ అంటాం. అందుకే ఇది కాస్త వివరంగా రాస్తున్నాను.

బెల్లంలో నూటికి ఎనభై పాళ్లకి అటూ ఇటూగా ఉండేది పంచదారలో ఉండే సుక్రోజే. చెరకు రసాన్ని కాచి ముద్ద కడితే బెల్లం, శుద్ధి చేసి పలుకులు కట్టిస్తే పంచదార. బెల్లంలో కొద్దిగా ఇనుము, ఇతర ఖనిజాలు మిగులుతాయి, నిజమే. వాటి కోసం తినాలంటే రోజూ అచ్చుల లెక్కన తినాలి. రక్తంలో గ్లూకోజు పెరిగే దగ్గర రెండింటికీ పెద్ద తేడా లేదు. ఎండు ఖర్జూరం బరువులో మూడింట రెండు వంతులు చక్కెరే. తేనెలో ఇంకా ఎక్కువ. లిక్విడ్ గ్లూకోజ్ సంగతి పేరులోనే ఉంది.

చట్టం కూడా ఇదే చెప్తోంది. ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో ప్రకటనలు, లేబుల్ మాటల మీద నిబంధనలు తెచ్చింది. ఘన పదార్థం మీద ‘షుగర్ ఫ్రీ’ అని రాయాలంటే 100 గ్రాములకి మొత్తం చక్కెరలు అర గ్రాము దాటకూడదు. మా డబ్బాలో ఉన్నది 46, తొంభై రెట్ల పైన. ‘లో షుగర్’ అని రాయాలన్నా 5 గ్రాముల లోపుండాలి. ‘నో యాడెడ్ షుగర్’ అనే మాటకీ షరతులున్నాయి. ఏ రకం చక్కెరా కలపకూడదు, చక్కెరకి బదులుగా ఎండుపళ్ల ముద్దలాంటివి వేసి తీపి తెప్పించకూడదు. కాబట్టి ఖర్జూరం ముద్దతో తీపి చేసి ‘నో యాడెడ్ షుగర్’ అని అమ్మితే అదీ తప్పే. మిఠాయి పెట్టె మీద ముందువైపు రాసింది చదవకండి. తిప్పి, మొత్తం చక్కెరలు అన్న వరుస చూడండి. ఆ వరుస మీద స్టిక్కర్ ఉంటే అక్కడే, దుకాణంలోనే, ఊడదీసి చూపించమనండి. చూపించకపోతే కొనకండి.

పళ్లెంలో పెట్టి విడిగా అమ్మే మిఠాయికి లేబులే ఉండదు. 2020 అక్టోబరు 1 నుంచి ఆ పళ్లేల దగ్గర ఎప్పటిలోగా తినాలో తేదీ పెట్టడం తప్పనిసరి. నేను మళ్లీ వెళ్లి చూసినప్పుడు అక్కడ ఒక్క పళ్లెం దగ్గరా తేదీ లేదు. కొన్న రోజు నా కళ్లకి ఆ పచ్చ స్టిక్కర్ తప్ప ఇంకేమీ ఆనలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ గొడవలో ఆయన లడ్డూలకి బదులు ఇది తీసుకోండి, ఇందులో బెల్లం కూడా లేదు అని ఒక చాక్లెట్ బర్ఫీ పెట్టె చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి చదివితే అందులో నిజంగానే పంచదార లేదు, మాల్టిటాల్ ఉంది. నాన్నకి పెట్టలేదు. అమ్మ నాలుగు ముక్కలు తింది, సాయంత్రానికి కడుపు ఉబ్బి విరోచనాలు. ఇలాంటి తీపి పదార్థాలని పాలియోల్స్ అంటారు, మోతాదు మించితే విరోచనాలవుతాయి. వీటిని ఎక్కువగా వాడితే ఆ హెచ్చరిక లేబుల్ మీద రాయాలి. ఆ పెట్టె మీద ఉంది కూడా, చీమతలంత అక్షరాల్లో. పైగా మాల్టిటాల్‌లో కేలరీలు పంచదారలో సగం ఉంటాయి, రక్తంలో గ్లూకోజునీ కొంత పెంచుతుంది. ‘షుగర్ ఫ్రీ’ బిస్కెట్లు కొనేవాళ్లూ మైదా ఎంతుందో చూసుకోండి.

మూడోసారి వెళ్లినప్పుడు మిగిలిన డబ్బాకి డబ్బులు వెనక్కి ఇస్తానన్నారు. నాకు డబ్బులొద్దు, ఆ పచ్చ స్టిక్కర్ తీయించండి, ఇంకొకరి నాన్న తింటారు అన్నాను. చూద్దామమ్మా అన్నారు. పది రోజుల తర్వాత అటు వెళ్తే అదే స్టిక్కర్, అదే వరుస. ఒక పెద్దాయన రెండు డబ్బాలు కొనుక్కుంటున్నారు. ఆగి ఆయనకి చెప్పాను. ఒకటి వెనక్కి ఇచ్చారు, రెండోది మనవడికని తీసుకెళ్లారు. ఆ రోజే ఇది రాయాలని నిశ్చయించుకున్నాను.

దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు. ఫిర్యాదు నడుస్తోంది, దాని పని అది చెయ్యాలి. పేరు తెలిస్తే ఆ ఒక్కచోట కొనడం మానేస్తారు, ఇంకోచోట ఇదే స్టిక్కర్ నమ్ముతారు. వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుని ఇంటి దగ్గర చేసి పంపేవాళ్ల దగ్గరా ఇవే మాటలు చూశాను.

ఇంతా అయ్యాక నాన్న తీపి మానేస్తానన్నారు. వద్దన్నాను. మేం మా పాత పద్ధతికే వచ్చాం. ఇంట్లోనే చోడి లడ్డూ చేస్తున్నాను. 200 గ్రాముల చోడి పిండి కమ్మగా వేయించి, 100 గ్రాముల వేరుశెనగ పలుకులు దంచి, గుప్పెడు నువ్వులు, 50 గ్రాముల బెల్లం తురుము, ముద్దకి సరిపడా నెయ్యి. ఇరవై ఉండలొస్తాయి. ఒక్కోదాంట్లో బెల్లం రెండున్నర గ్రాములే. మొదటిసారి తిని నాన్న ‘తీపి మాట దేవుడెరుగు, నువ్వుల రుచి బాగుంది’ అన్నారు. రెండోవారానికి ఆ కొద్ది తీపీ నాలుకకి తెలుస్తోందట. రోజుకి ఒకటే, అదీ రాత్రి అన్నంలో ఒక గరిటె తగ్గించి. తిన్న రెండు గంటలకి మిషను పెట్టి ఆయనే డైరీలో రాసుకుంటున్నారు. ఇది మా నాన్నకి సరిపడిన లెక్క. మీ ఇంట్లోవాళ్లకి ఎంతన్నది వాళ్ల మిషనూ వాళ్ల డాక్టరూ చెప్పాలి. సంక్రాంతికి మాత్రం అరిసె అరిసెలాగే చేస్తాం, బెల్లం తగ్గిస్తే పాకం నిలబడదు. సగం ముక్క పెడతాం.

ఇలాంటి డబ్బా మీరూ కొని ఉంటే పారెయ్యకండి. ముందూ వెనకా ఫొటోలు తీసుకోండి, స్టిక్కర్ తీయకముందు ఒకటి, తీశాక ఒకటి. బ్యాచ్ నంబరు, పద్నాలుగు అంకెల లైసెన్సు నంబరు కనిపించేలా ఉండాలి. నేను బిల్లు అడగలేదు, అది నా పొరపాటు. ఫోన్‌లో డబ్బు పంపిన రుజువు ఉండబట్టి సరిపోయింది. మీరు బిల్లు అడిగి తీసుకోండి. ఫిర్యాదు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ల ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో చెయ్యొచ్చు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి తెలుగులోనే చెప్పొచ్చు. నేను రెండూ చేశాను, నంబరొచ్చింది. జిల్లాలో ఫుడ్ సేఫ్టీ అధికారికి కాగితం మీద కూడా ఇచ్చాను. 2006 ఆహార భద్రత చట్టం ప్రకారం, కొనేటప్పుడే ఆ సంగతి దుకాణం వాళ్లకి చెప్పి ఉంటే, కొన్నవాళ్లే రుసుము కట్టి సరుకుని ఫుడ్ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. సీలు తియ్యని డబ్బా ఉంటే అలాగే ఉంచండి.

మా రెండో డబ్బాలో నాలుగు లడ్డూలు తగ్గాయి, మిగతావి ఫ్రిజ్‌లో పెట్టి ఉంచాను. సీలు తియ్యని డబ్బా మీలో ఎవరి దగ్గరైనా ఉంటే నాకు చెప్పండి, ఆ ఫిర్యాదు కాగితంతోపాటు దాన్నీ పరీక్షకి పంపిద్దాం.